గుంటలో మిగిలిన గంపలు

"అన్నం చల్లారిపోతోందండీ," అన్నది మార్త.

ఏసుపాదం కంచం వంక చూడలేదు. బూట్లు తొడుక్కుని, తాళ్ళు ముడివేసుకోకుండా, కుర్చీ అంచున కూర్చుని పెరటి గుమ్మంలోకి చూస్తున్నాడు. ఆ గుమ్మంలోంచి రావలసిన మనిషి రాత్రంతా రాలేదు.

"ఈ చలిలో అమ్మ ఆ గుంటలో ఎలా పడుకుందో," అన్నాడు చివరికి.

"పక్క గుంటలో ఎరువు ఉడుకుతూనే ఉందిగా. మట్టిగోడ వెచ్చగానే ఉంటుంది. గునపం దించి తీస్తే చెయ్యి కాలుతుందని మీరే చెప్పారు."

అతడు భార్య ముఖంలోకి చూశాడు. ఆమె వేళాకోళానికి అనలేదు. మార్త ఏ మాటనూ వేళాకోళానికి అనదు. మిషన్ బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే గొంతుతోనే ఇంట్లోనూ మాట్లాడుతుంది.

నిన్న ఉదయం నుంచి బెజవాడ చెత్త బెజవాడలోనే ఉన్నది. బుడమేరు పక్కనున్న మునిసిపల్ కంపోస్టు డిపోలో ఖాళీగా ఉన్నది ఒక్కటే గుంట. తక్కినవన్నీ చెత్త ఒక పొర, మలం ఒక పొరగా నింపి, పైన మట్టి మెత్తి మూసినవి. అవి ఎరువు కావాలంటే నెలల తరబడి వాటిని కదపరాదు. ఆ ఒక్క ఖాళీ గుంటలోకీ చెత్త ఏరుకునే ఆడవాళ్ళు దిగి కూర్చున్నారు.

పేలికలూ, సీసాలూ, డబ్బాలూ, ఎముకలూ ఏరి అమ్ముకునే హక్కును మునిసిపాలిటీ వేలం వేసింది. పాట పాడుకున్న సంజీవరావు అనే కంట్రాక్టరు తన మనుషులను తాను తెచ్చుకున్నాడు. పాతవాళ్ళను గేటు దాటనివ్వవద్దని సూపర్వైజరు ఏసుపాదానికి ఆర్డరు వచ్చింది. అతడు గేటు మూయించేలోపల వాళ్ళు గుంటలోకి దిగారు. వాళ్ళందరికీ పెద్ద తెరేసమ్మ. ఏసుపాదాన్ని కన్నతల్లి.

"మధ్యాహ్నానికి పోలీసులు వస్తారు," అన్నాడతడు. "హెల్తాఫీసరు గారు తేల్చి చెప్పేశారు. బండ్లు దిగకపోతే లాఠీలతో లేపిస్తారట. నా ఉద్యోగం ఖాయమవుతుందన్న ఆశ కూడా అప్పటితో వదులుకోమన్నారు."

"ఆవిడతో మీరు మాట్లాడి చూశారా?"

అతడు ఒక బూటుతాడు చేతిలోకి తీసుకుని వదిలేశాడు.

"నిన్నంతా ఏం చేశారు మరి?"

"ఆఫీసు గదిలో ఉన్నాను."

"గుంట దగ్గరికి వెళ్ళనే లేదూ?"

"వెళ్ళాను. హెల్తాఫీసరు గారి వెంట. ముందు వరసలో కూర్చున్న ఆ ముసలిదెవరని అడిగారు."

"మీరేమన్నారు?"

ఏసుపాదం వంగి బూటుతాళ్ళు ముడివేసుకోసాగాడు. ముడి పడిన తరువాత దానిని విప్పి మళ్ళీ వేశాడు. "ఎప్పటినుంచో ఏరుకుంటున్న మనిషండీ, కాస్త మొండిది అన్నాను."

"ఆవిడ విన్నదా?"

"వినే ఉంటుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏమో తెలియలేదు."

వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద పడిన చప్పుడయింది. ఇద్దరూ లేవలేదు.

"పోలీసులు చెయ్యి పట్టుకుని లాగితే," అన్నది మార్త, "నా కొడుకే ఇక్కడ సూపర్వైజరని ఊరంతా వినేలా అరుస్తుంది. రేపు బడిలో నేను తల ఎత్తుకోగలనా?"

"అరవదు."

"ఎందుకు అరవదు?"

"నిన్న అరవలేదుగా."

మార్త లేచి, మగడు ముట్టని అన్నాన్ని క్యారియరు గిన్నెలోకి ఎత్తి, పైన పప్పు వేసి మూత బిగించింది.

"ఎక్కడికి?"

"డిపోకి."

"ఆ గేటు తొక్కనని పెళ్ళయిన కొత్తలో నువ్వే అన్నావు."

"అన్నాను. మీరు తొక్కవలసిన చోట తొక్కుతారనుకుని అన్నాను," అని, చెప్పులు వేసుకుని బయలుదేరింది.

*

గేటు ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఎద్దులను విప్పి తుమ్మచెట్టు కింద కట్టారు. మలం పీపాల మూతల కింది నుంచి కారినది బాట పొడవునా చారలు కట్టింది. ఈగలు ముసిరి ఆ చారలు నల్లగా కదులుతున్నాయి. మార్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. చూసేవాళ్ళున్నచోట ఆమె ఏ బలహీనతా చూపదు.

మేస్త్రీ శౌరయ్య ఎదురొచ్చాడు. "అమ్మగారండీ, తమరొచ్చారేంటి? అయ్యగారికి ఒంట్లో బాగాలేదా? నిన్న గదిలోంచి బయటికి రాకపోతే జొరమేమో అనుకున్నాం."

"అయ్యగారు బాగానే ఉన్నారు. గుంట ఎటు?"

"వాసన పట్టుకుని పోతే అదే ఒస్తదండీ," అని పక్కకు తిరిగి నవ్వుకున్నాడు.

మనిషి లోతున్న పొడవాటి గుంట అది. అడుగున ఎడమవైపు గోడకు వీపులానించి ఆడవాళ్ళు బారుగా కూర్చున్నారు. ఎవరి ముందు వారి గంప, గంపలో చెత్త కెలికే ఇనుప కొక్కెం. ఆ గుంటల్లో ఎవరి గంప ఎక్కడ దిగితే ఆ పూటకు ఆ చోటు వాళ్ళది. మనిషి పక్కకు వెళ్ళినా గంప ఉన్నంతసేపూ ఆ చోటు జోలికి మరొకరు పోరు. తాగివచ్చి జుట్లు పట్టుకున్న రోజున కూడా ఎవరూ ఎవరి గంపనూ కదిలించి ఎరుగరు.

"తెరేసక్కా, నీ కోడలొచ్చిందే," అన్నది అమలమ్మ, వాళ్ళలో వయసు తక్కువది. "ముక్కు కూడా మూసుకోలా. పాపం, మన మీద ఎంత గౌరవమో."

"ఊరుకోవే," అని తెరేసమ్మ తల ఎత్తింది. రాత్రి మంచుకు తడిసిన జుట్టు నుదుటికి అంటుకుని ఉంది. "ఏం పిల్లా, ఇట్టా ఒచ్చావ్? దాసుకేమన్నా అయ్యిందా?"

కొడుక్కు ఆమె పెట్టుకున్న పేరు మరియదాసు. ఆమెది ఆర్సీయం, అంటే కతోలికుల గుడి. పిల్లవాణ్ణి చదువుకోసం ప్రొటెస్టెంటు దొరల బోర్డింగు బడిలో వేస్తే, మరియమ్మకు దాసుడేమిటని వాళ్ళు ఆ పేరు కొట్టివేసి ఏసుపాదమని రాసుకున్నారు. గుడి కూడా మార్చారు. తెరేసమ్మ దేనికీ అడ్డు చెప్పలేదు. పాత పేరులో సగం మాత్రం తన నోట మిగుల్చుకుంది.

"ఆయన బాగానే ఉన్నారు. అన్నం తెచ్చాను, తినండి."

క్యారియరు అందుకుని మూత తీసి చూసి తెరేసమ్మ అడిగింది: "నాకొక్కదానికేనా?"

ముసలిది పప్పూ అన్నమూ కలిపి, ముద్దలు చేసి, బారు చివరి నుంచి ఒక్కొక్కరి చేతిలో పెట్టుకుంటూ వచ్చింది. తన దగ్గరికి వచ్చేసరికి గిన్నె అడుగున మిగిలిన మెతుకులను వేలితో తుడిచి నాలుకకు రాసుకుంది.

"టీచరమ్మ వంటలో ఉప్పుండదేంటే?" అన్నది అమలమ్మ.

"అది కూడా వేలంలో పోయిందేమో," అన్నారెవరో. గుంటంతా నవ్వింది.

నవ్వు ఆగేదాకా మార్త ఓపిక పట్టింది. అల్లరి క్లాసు ముందు ఎలా నిలబడాలో ఆమెకు బాగా తెలుసు.

"అత్తమ్మా, మీ అబ్బాయి ఒక మాట చెప్పి పంపారు."

ఆ వాక్యం ఆమె ముందుగా అనుకుని వచ్చింది కాదు. నోట్లోంచి వచ్చిన తరువాత మాత్రం దానికి తరువాతి వాక్యం దానంతట అదే సిద్ధంగా ఉన్నది.

"కంట్రాక్టరు గారితో మాట్లాడి మీ అందరినీ పనిలోకి తీసుకునేటట్లు ఒప్పించారట. రేపటి నుంచే. అయితే ముందు గుంట ఖాళీ చెయ్యాలి. పోలీసులు వచ్చిన తరువాత ఆయన మాట కూడా చెల్లదు."

ఎవరూ కదలలేదు. అమలమ్మ కళ్ళు చికిలించి చూసింది. "ఆ మాట అయ్యగారొచ్చి చెప్పకూడదా? ఇదుగో ఇంత దూరం. ఆ ఆఫీసు గది కిటికీలోంచి చెప్పినా మాకినపడద్ది."

మార్త అత్తగారినే చూస్తూ, గొంతు తగ్గించి, "పైవాళ్ళకు తెలియకుండా చేసిన పని అత్తమ్మా. బయటపడితే ఆయన ఉద్యోగం ఉండదు. నిన్న మీ ఎదురుగా అలా అనవలసి వచ్చిందని రాత్రంతా అన్నం ముట్టలేదు," అన్నది.

చివరి మాట కొంతవరకు నిజం. అదే తెరేసమ్మకు తగిలింది. ముసలిది తల వంచుకుని, కొక్కెం మొనతో నేల మీద గీత గీసి, కాలితో చెరిపివేసింది.

"వాడికి చిన్నప్పటి నుంచీ సిగ్గెక్కువ," అన్నది తక్కినవాళ్ళతో, కొడుకు తరఫున క్షమాపణ చెబుతున్నట్లుగా. "మనిషి మెత్తన. నా ముందరికి రాలేక దీన్ని పంపాడు."

"నమ్ముతున్నావా అక్కా?"

తెరేసమ్మ రవిక లోపలి నుంచి మెడలోని జపమాల పైకి తీసింది. ఏనాడో గుణదల కొండ దగ్గర కొన్న కట్టెపూసలు. వేళ్ళు నలిపి నలిపి నునుపెక్కి నల్లబడ్డాయి. తల మీదుగా తీసి రెండు చేతుల్లో పట్టుకుని పైకెత్తింది.

"దీని మీద చెయ్యేసి చెప్పు పిల్లా. దాసు ఆ మాటన్నాడని, మా పని మాకుందని. ఇంకేం అడగను."

మార్త గట్టు మీద మోకాళ్ళపై కూర్చుంది.

ఆమె పుట్టి పెరిగిన ఇంట్లో పూసలను లెక్కబెట్టుకునేవాళ్ళను చూసి జాలిపడేవారు. వాక్యం చదువుకోని జనం, కట్టెకూ రాతికీ మొక్కుతారు అనేవారు. బైబిలు మీద చెయ్యి పెట్టి అబద్ధమాడమంటే మార్త నాలుక మొద్దుబారి ఉండేది. ఇవి పూసలు. వీటిలో ఏమీ లేదు. అబద్ధమాడిన తప్పు ఉంటే ఉన్నది, దానిని రాత్రి ప్రార్థనలో ఒప్పుకోవచ్చు. ఒట్టు తప్పిన పాపం మాత్రం దీనికి వచ్చి చేరదు. లెక్క ఇంత స్పష్టంగా తేలినందుకు ఆమెకు ప్రాణం తేలికపడింది.

"మా ఆయన ఆ మాటన్నారు," అన్నది పూసల మీద చెయ్యి ఉంచి. "మీ పని మీకుంది."

తెరేసమ్మ కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది. తరువాత జపమాలను మార్త అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "నీ దగ్గరే ఉంచు. రేపు పనిలోకి దిగినాక ఇద్దువుగాని."

ఒకరి వెనుక ఒకరు నిచ్చెన మీదుగా పైకి వచ్చారు. తెరేసమ్మ చివర వచ్చింది. పై మెట్టు దగ్గర మోకాలు పట్టేసి చెయ్యి చాచింది. మార్త ఆ చేతిని అందుకునేముందు ఒక్క క్షణం తన చీర వంక చూసుకుంది. ముసలిది అది గమనించి చెయ్యి వెనక్కు తీసుకుని, గట్టు మట్టి పట్టుకుని తానే ఎక్కింది.

గంపలు మాత్రం కింద ఉండిపోయాయి. రేపు మళ్ళీ దిగవలసిన చోటు గదా.

మార్త శౌరయ్య వంక చూసి తల ఊపింది.

మొదటి బండి వెనక్కు వచ్చి గట్టుకు ఆనింది. శౌరయ్య గుంటలోకి తొంగిచూశాడు. "గంపలున్నయ్యండీ," అన్నాడు.

మార్త అప్పటికే గేటు వైపు తిరిగింది. వినపడిందని ఆమె భుజాలను చూసినవాళ్ళకు తెలిసింది. "బండ్లు ఆగకూడదన్నారు," అన్నది నడుస్తూనే.

చెత్త దిగిన చప్పుడు పెద్దదేమీ కాదు. మెత్తగా, తడి బట్టల మూట జారినట్లుగా దిగింది. రెండవ బండి మలంబండి. దాని పీపా ఒరిగినప్పుడు కూడా ఆడవాళ్ళెవరూ కేక వెయ్యలేదు. అది మార్తకు ఆశ్చర్యంగా తోచింది. గేటు దగ్గర ఆగి వెనక్కు చూసింది. గట్టు మీద బారుగా నిలబడి వాళ్ళు గుంటలోకి చూస్తున్నారు. ఒక్క తెరేసమ్మ మాత్రం తనను చూస్తున్నది.

*

దీపాలవేళకు ఏసుపాదం ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చాడు. మూడు ముద్దలు తిని మాట మొదలుపెట్టాడు.

"హెల్తాఫీసరు గారు నా భుజం మీద చెయ్యి వేశారు మార్తా. అందరి ముందూ. రేపు గుంట మూత పడగానే నన్ను ఖాయం చెయ్యమని సిఫారసు చేస్తారట. రేపంతా గొడవ లేకుండా గడిస్తే చాలునన్నారు. ఇంతకూ అమ్మకు ఏం చెప్పావు?"

"మంచిగా చెప్పాను."

"ఏమని?"

"పప్పు వేసుకోండి."

అతడు వేసుకున్నాడు. ఆ తరువాత అడగలేదు. తెలుసుకోకపోవడంలో అతడికి ఉన్న నేర్పు నిన్న మొన్న పుట్టింది కాదు.

జపమాల వంటింట్లో బియ్యం డబ్బాలో ఉన్నది. మధ్యాహ్నం నుంచి మార్త దానిని రెండు చోట్లు మార్చింది. మొదట బీరువాలో బైబిలు పక్కన పెట్టి, అది తగిన చోటు కాదని తీసివేసింది.

గేటు గడియ తీసిన చప్పుడయింది.

తెరేసమ్మ వచ్చింది. ఎన్నడూ పెరటి గుమ్మంలోంచి వచ్చే మనిషి ఇవాళ వీధి గుమ్మంలోంచి వచ్చింది. తలంటుకుని, గుడికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. గేటు అవతల, వీధి దీపం కింద, తక్కిన ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఎదురింటి కిటికీ ఒకటి తెరుచుకుంది.

"రా అమ్మా," అంటూ ఏసుపాదం ఎంగిలిచేత్తో లేచాడు. "అన్నం తిందువుగాని."

"కూర్చో దాసూ, తిను. ఒక్క మాట అడిగి పోతా. రేపు పొద్దున మమ్మల్ని ఎటు రమ్మంటావు, గేటు కాడికా, కంట్రాక్టరు కొట్టు కాడికా?"

ఏసుపాదం నోట్లో ముద్ద అలాగే ఉన్నది.

"గంపలు కప్పెట్టేశారు గదా," అన్నది తెరేసమ్మ. "ఎరువు తీసేదాకా అవి రావు. పని ఇప్పించావు, సంతోషం. కొత్త గంపలు కూడా నువ్వే ఇప్పించాలి."

అతడు భార్య వంక చూశాడు. ఆ చూపు ప్రశ్నగా మొదలై, సగంలో జవాబు దొరికి, గోడ మీదికి జారిపోయింది. 'నేను ఆ మాట అనలేదమ్మా' అనడానికి అతడికి కావలసినంత వ్యవధి దొరికింది. అతడు మంచినీళ్ళు తాగాడు.

"మార్తకు తెలుసు," అన్నాడు. "తను చెబుతుంది."

మార్త లోపలికి వెళ్ళి జపమాల తెచ్చింది. పూసల సందుల్లో బియ్యపు నూకలు ఇరుక్కుని ఉన్నాయి. "ఇదుగోండి, మీది."

తెరేసమ్మ చెయ్యి చాపలేదు.

"పనిలోకి దిగినాక ఇమ్మన్నా."

"అత్తమ్మా, చీకటిపడింది. వీధిలో అందరూ చూస్తున్నారు. రేపు మాట్లాడుకుందాం."

"అమలమ్మ ఒక సంగతి చెప్పింది పిల్లా. ఆ సంఘపోళ్ళకి పూసలంటే లెక్కేంటక్కా, బఠాణీల మీద ఒట్టేసినట్టే గదా అన్నది. నేను దాన్ని తిట్టా. తిట్టినాక గుర్తొచ్చింది. నీ పెళ్ళి రోజున నా మెడలో ఇది చూసి మీ అమ్మ కొంగు చాటున నవ్వింది. నువ్వూ నవ్వావు." ఆమె గొంతులో కోపం లేదు. "తప్పు నాదే. నీది కాని దాని మీద నిన్ను ఒట్టెయ్యమన్నా."

ఆమె గోడ వైపు నడిచింది. చేతులు శుభ్రంగానే ఉన్నా చీరకు మళ్ళీ ఒకసారి తుడుచుకుని, బీరువా తలుపు తెరిచి, నల్ల అట్ట బైబిలు తీసింది. ఆ ఇంట్లో ఆమె దానిని తాకడం అదే మొదలు. రెండు చేతుల మీదా పెట్టుకుని మార్త ముందుకు తెచ్చింది.

"దీని మీద చెప్పు. పొద్దున చెప్పిందే. చెబితే నమ్మి పోతా, రేపు పొద్దున పనికొస్తాం. చెప్పలేకపోతే, అబద్ధమాడానని అను. ఇప్పుడే వీళ్ళందర్నీ తీసుకుని హెల్తాఫీసరు ఇంటికాడికి పోయి, ఆ మొండి ముసలిది ఎవరో నా నోటితోనే చెప్పుకుంటా."

మార్త మగడి వంక చూసింది. ఇప్పుడైనా లేచి వస్తాడని, తల్లి చేతిలోంచి ఆ పుస్తకం తీసుకుంటాడని చూసింది.

ఏసుపాదం లేచాడు. చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"చెప్పు మార్తా," అన్నాడు, ప్రార్థన కూటంలో వాక్యం చదవమని పిలిచేటంత మెల్లగా. "పొద్దున చెప్పిందే చెప్పు. అమ్మ అడుగుతోందిగా."

నిజం చెప్పమని అతడు అనలేదు. ఆ తేడా గదిలో ఉన్న ముగ్గురికీ తెలిసింది.

పుస్తకం బరువుగా ఉన్నా ముసలిదాని చేతులు కిందికి దిగలేదు. మార్త కుడిచెయ్యి ఎత్తింది. జపమాల ఇంకా ఆ చేతివేళ్ళకే చుట్టుకుని ఉన్నది. దానిని ఎక్కడ పెట్టాలో ఆమెకు తోచలేదు.